వెన్న వచ్చాక కవ్వం తీసేయాలి: అతి ఆలోచన మాని పనిలోకి దిగడం ఎలా

మా అత్తగారు మజ్జిగ చిలుకుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేవారు. నోరు కబుర్లలో ఉన్నా చెవి మాత్రం కుండ మీదే ఉండేది. చప్పుడు మారిందంటే చాలు, మాట మధ్యలో ఆపేసి కవ్వం పైకి తీసేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను చిలికితే వెన్న సరిగ్గా చేతికి వచ్చేది కాదు. ఎంతసేపు చిలికితే అంత వెన్న అని నా లెక్క. “వచ్చిన వెన్నని మళ్లీ మజ్జిగలో కలిపేస్తున్నావమ్మాయ్” అన్నారావిడ. ఎండాకాలమైతే మరీను. ముద్ద కట్టిన వెన్నని ఇంకో పది తిప్పులు తిప్పామా, వేడికి కరిగి జారిపోతుంది. మిక్సీలో తీసేవాళ్లకి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు.

ఆలోచన కూడా అంతే. చిలకనిదే వెన్న రాదు కాబట్టి “నువ్వు ఎక్కువ ఆలోచించకు” అనే సలహాని నేను పట్టించుకోను. కవ్వం ఎప్పుడు తీయాలో తెలియకపోవడం దగ్గరే ఉంది చిక్కంతా.

నా సంగతే చెబుతాను. మూడేళ్ల కిందట మా ఆఫీసులో ఒకావిడకి షుగర్ అని తేలిన రోజు నుంచి నాకూ ఉందేమోనని అనుమానం పట్టుకుంది. మా నాన్నకి ఉంది. రాత్రి దాహం వేస్తే షుగరే, మధ్యాహ్నం కునుకు వస్తే షుగరే. ఐదు నెలలు చదివాను. మెంతులు నానబెట్టాలా మొలకెత్తించాలా, కొర్రలు మంచివా అండుకొర్రలు మంచివా, కాకర రసం ఎంత తాగాలి, అన్నీ తెలుసుకున్నాను. పరీక్ష మాత్రం చేయించుకోలేదు. “పరగడుపున వెళ్లాలి, ఇవాళ కాఫీ తాగేశానే” అని ఒకరోజు, “పండగ వెళ్లనీ” అని ఇంకోరోజు. చివరికి మా ఆయన బండి ఎక్కించుకుని తీసుకెళితే, ల్యాబ్ అబ్బాయి సూది గుచ్చి తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. పైగా అది హెచ్‌బీఏ1సీ. గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పే ఆ పరీక్షకి పరగడుపు అక్కర్లేదట! 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్. అంటే గట్టు మీద ఉన్నానన్నమాట. ఐదు నెలల ముందే తెలిసుంటే ఐదు నెలల ముందే నడక మొదలయ్యేది.

ఆ ఐదు నెలలూ నేను బద్ధకంగా కూర్చున్నానని ఎవరూ అనలేరు. తెగ కష్టపడ్డాను. మోసం అక్కడే ఉంది. అతిగా ఆలోచించేవాళ్లకి తాము ఏదో పని చేస్తున్నట్టే ఉంటుంది, రాత్రికి అలసట కూడా వస్తుంది. ఈ కింద రాసినవి ఆ తర్వాత ఒక్కొక్కటిగా నేర్చుకున్నవి. కొన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూసినవి, కొన్ని మా ఇంటివి.

ముందు కాగితం మీద పెట్టండి

చిన్న నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. ఫోన్లో వద్దు, రాద్దామని తెరిచి వాట్సాప్‌లో తేలతాం. మిమ్మల్ని తినేస్తున్న విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. “ఉద్యోగం” అని రాస్తే లాభం లేదు. “ఇప్పుడున్న కంపెనీ మానేసి, వచ్చిన ఆఫర్‌కి వెళ్లాలా, వద్దా?” అని రాయాలి. ఒక్క వాక్యంలో ఇమడటం లేదంటే అక్కడ రెండు మూడు విషయాలు చిక్కుపడి ఉన్నట్టే. విడదీసి వేర్వేరు పేజీల్లో రాయండి.

పక్కన తేదీ వేయండి. అదే ఆలోచన మళ్లీ వచ్చినప్పుడల్లా ఒక గీత గీయండి. గీసేముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: కిందటిసారికీ ఇప్పటికీ కొత్తగా తెలిసిందేమైనా ఉందా? ఉంటే అదేమిటో రాయండి. లేకపోతే ఉత్త గీత. ఉత్త గీతలు మూడు పడ్డాయంటే వెన్న వచ్చేసినట్టు, ఇక తిప్పేకొద్దీ కరగడమే. మూడే ఎందుకంటే చెప్పలేను, నాకు పనికొచ్చిన లెక్క అది.

మీనమేషాలు లెక్కపెట్టడం అంటాం కదా. రాశుల్లో మేషం మొదటిది, మీనం చివరిది. మీనం దాటి మేషానికి వచ్చామంటే చక్రమంతా తిరిగి మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఆ మాట ఎవరు కట్టారో గానీ ఈ జబ్బు బాగా ఎరిగినవాళ్లే అయ్యుంటారు.

మీరు రాసిన వాక్యంలో “ఎందుకు” ఉంటే కాస్త జాగ్రత్త. “నాకే ఎందుకిలా?”, “ఆవిడ ఆ మాట ఎందుకంది?”, “నేనెందుకింత పిరికిదాన్ని?” వీటికి జవాబు దొరకదు, దొరికినా చేతికి పని దొరకదు. ఆ వాక్యాన్నే “ఏం”, “ఎలా”, “ఎప్పుడు” వచ్చేలా తిరగరాయండి. “మేనేజర్ నా మెయిల్‌కి జవాబు ఎందుకివ్వలేదు?” అన్నది “రేపు 11 గంటలకి ఆయన్ని ఏమని అడగాలి?” అవుతుంది. మొదటిదానితో రాత్రంతా గడిచిపోతుంది. రెండోదానికి రెండు వాక్యాలు తయారుచేసుకుంటే చాలు.

ఇలా తలుచుకు తలుచుకు కుమిలే అలవాటు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినావిడ సూసన్ నోలెన్ హోక్సెమా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1989లో ఆవిడ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత, మనసు బాగాలేనప్పుడు మీరేం చేస్తారు అని ఒక ప్రశ్నపత్రం నింపించారు. సరిగ్గా రెండు వారాలకి, అక్టోబర్ 17న, లోమా ప్రియెటా భూకంపం ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. పది రోజుల తర్వాత ఒకసారి, ఏడు వారాల తర్వాత ఒకసారి ఆ విద్యార్థులనే మళ్లీ అడిగి చూశారు. భూకంపానికి ముందే దిగులుని తవ్వుకుంటూ కూర్చునే అలవాటున్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ కుంగిపోయి కనిపించారు. భూమి అందరి కిందా కదిలింది. కొందరి లోపల మాత్రం కదులుతూనే ఉంది.

రాసినవాటిని వేరు చేయండి

పుస్తకంలో నాలుగైదు పేజీలు నిండాక ఒకసారి తిరగేయండి. కొన్ని తేల్చుకోవాల్సిన నిర్ణయాలు, కొన్ని రాబోయేదాని గురించి దిగుళ్లు, కొన్ని జరిగిపోయినవాటి తాలూకు బాధలు. బుర్రలో ఉన్నప్పుడు మూడూ ఒకేలా పీకుతాయి గానీ మూడింటికీ మందు ఒకటి కాదు. దిగులుని నిర్ణయం అనుకుని తేల్చాలని చూస్తే తేలదు. నిర్ణయాన్ని దిగులు అనుకుని ఓర్చుకుంటే గడువు దాటిపోతుంది. ప్రతి పేజీ పైన నిర్ణయమైతే ‘ని’, దిగులైతే ‘ది’, గతమైతే ‘గ’ అని వేసుకోండి.

నిర్ణయమైతే వెనక్కి దారి ఉందేమో చూడండి

అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకి రాసిన లేఖలో నిర్ణయాల్ని తలుపులతో పోల్చాడు. దాటితే వెనక్కి రాలేని తలుపులు కొన్నే, నచ్చకపోతే తిరిగొచ్చేయగలిగినవి చాలా. పెద్ద సంస్థలు రెండోరకం తలుపు దగ్గర కూడా మొదటిరకానికి పడినంత హైరానా పడి నెమ్మదించిపోతాయని ఆయన బాధ. మన ఇళ్లలో మాత్రం? పొలం అమ్మడం, పెళ్లి, పెద్ద ఆపరేషన్, ఇంటి కాగితాలు తాకట్టు పెట్టడం... వీటికి నిదానమే ప్రధానం. కానీ పిల్లాణ్ని ఏ కరాటే క్లాసులో వేయాలి, ఫ్రిజ్ ఏ కంపెనీది కొనాలి, పాత స్నేహితురాలికి మెసేజ్ పెట్టాలా వద్దా, ఇవన్నీ తిరిగి రాగలిగిన దారులే. విచిత్రమేమిటంటే నెలల తరబడి నలిగేవి ఇవే. పొలం అమ్మకాలు ఒక్కోసారి ఒక పూటలో తేలిపోతాయి.

మా ఇంట్లో గడువు లెక్క ఇది. తప్పయితే పోయేది వెయ్యి రూపాయలో, ఒక సాయంత్రమో అయితే ఐదు నిమిషాలు. ఒక నెల జీతం లోపయితే రెండు రోజులు. అంతకంటే పెద్దదైనా, వెనక్కి రాలేనిదైనా రెండు మూడు వారాలు, అదీ క్యాలెండర్ మీద తేదీ చుట్టూ గీత గీసి. “సంక్రాంతి వెళ్లాక చూద్దాం” అన్నది తేదీ కాదు. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ ఆలోచన మొదలుపెట్టక ముందే వేసుకోండి. మొదలయ్యాక వేసే గడువు సాగుతూ పోతుంది.

తర్వాత, ‘అన్నింటికంటే మంచిది’ కోసం వెతకడం మానండి. హెర్బర్ట్ సైమన్ అనే పండితుడు 1956లోనే ఈ సంగతి రాశాడు. మనిషికి దొరికే సమాచారం తక్కువ, సమయం తక్కువ, బుర్ర శక్తికీ హద్దుంది. అందుకని ముందే ఒక మెట్టు గీసుకుని, దాన్ని అందుకున్న మొదటిదాన్ని తీసుకోవడమే మనం నిజంగా చేయగలిగేదని ఆయన వాదన. నిర్ణయాలు ఎలా జరుగుతాయన్న పరిశోధనకే 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా తమ్ముడికి ఆయన పేరు తెలియదు. మియాపూర్‌లో అద్దె ఇంటి కోసం మూడు నెలలు తిరిగాడు. ఆదివారం చూడటం, సోమవారం ‘ఇంకా మంచిది దొరుకుతుందేమో’ అనుకోవడం. వాడు తేల్చేలోపు నచ్చిన ఇళ్లు రెండింటికి వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేశారు. చివరికి కూర్చోబెట్టి నాలుగు రాయించాను: అద్దె 18 వేలు దాటకూడదు, మెట్రో స్టేషన్‌కి నడిచి పావుగంట, మంజీరా నీళ్లు రావాలి, అమ్మ వస్తే ఎక్కడానికి లిఫ్ట్ ఉండాలి. ఈ నాలుగూ ఉన్న మొదటి ఇల్లు తీసుకోవాలి, ఆ తర్వాత టూలెట్ బోర్డు వైపు తలెత్తకూడదు. రెండో ఆదివారానికి దొరికింది. వంటగది ఇరుకని ఇప్పటికీ గొణుగుతాడు. హాయిగానే ఉంటున్నాడు.

పెద్ద నిర్ణయానికి కాగితం మధ్యలో గీత గీసి రెండువైపులా రాయడం పాత పద్ధతే. 1838లో చార్లెస్ డార్విన్ పెళ్లి చేసుకోవాలా వద్దా అని ఇలాగే రాసుకున్నాడు. చేసుకుంటే పుస్తకాలకి డబ్బు తగ్గుతుంది, చుట్టాలిళ్లకి తిరగాలి. ఇటువైపు, ముసలితనంలో తోడుంటుంది, కుక్క కంటే ఎలాగూ నయమే అని కూడా రాశాడు మహానుభావుడు! చివరికి చేసుకోవడమే అని తేల్చి, 1839 జనవరిలో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ని పెళ్లాడాడు. అదే మనిషి ప్రకృతి వరణం సిద్ధాంతాన్ని దాదాపు ఇరవై ఏళ్లు సొరుగులో ఉంచాడు. ఆధారాలు కూడబెట్టాడనేవాళ్లున్నారు, జంకాడనేవాళ్లూ ఉన్నారు. 1858లో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రవేత్త దాదాపు అదే ఆలోచనని రాసి ఆయనకే పంపాక గానీ కదలిక రాలేదు. ఆయనకి వాలెస్ ఉత్తరం వచ్చింది, మనకి అలాంటిదేదీ రాదు కాబట్టే ఆ క్యాలెండర్ మీద గీత.

రెండువైపులా సమానంగా తూగితే దిగులు పడకండి. ఏది తీసుకున్నా పెద్ద తేడా లేదని కాగితమే చెబుతోంది. చీటీలు వేసి ఒకటి తీయండి.

దిగులుకి ఒక వేళ, ఒక కుర్చీ

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న వైద్యుడి కథ మీకు తెలిసిందే. ఆ రోగి సీసా ఎత్తినప్పుడల్లా కోతే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే శాస్త్రవేత్త ఇదే పనిని తెల్ల ఎలుగుబంటితో చేసి చూశాడు. ఐదు నిమిషాలు దాన్ని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అని విద్యార్థులకి చెబితే గంటలు మోగుతూనే ఉన్నాయట. అంతకంటే ముఖ్యం, తర్వాత ఇప్పుడు తలుచుకోవచ్చు అన్నాక, మొదటి నుంచీ స్వేచ్ఛగా తలుచుకున్నవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. కాబట్టి ‘ఆలోచించకూడదు’ అని ఒట్టు పెట్టుకోవడం దండగ.

దానికి బదులు ఒక వేళ ఇవ్వండి. 1983లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ బోర్కోవెక్ బృందం పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట దిగులు పడటానికే కేటాయించుకోవాలి. మిగతా వేళల్లో వస్తే, సాయంత్రం చూద్దామని పక్కన పెట్టి చేతిలో పని చూసుకోవాలి. నా వేళ సాయంత్రం ఆరున్నర, చోటు డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ. పగలు ఏదైనా పొడుచుకొస్తే పుస్తకంలో రెండు మాటలు రాసుకుంటాను: ‘బాబు ఫీజు’, ‘అమ్మ మోకాలు’. ఆరున్నరకి వాటిని చదువుతాను. సగం అప్పటికే వెలిసిపోయి ఉంటాయి, పొద్దున దీనికా ఇంత కంగారు పడ్డాను అనిపిస్తుంది. మిగిలినవాటికి ఒక్క ప్రశ్న: దీనిలో నా చేతిలో ఉన్న ముక్క ఏమైనా ఉందా? ఉంటే ఆ ముక్కని పనిగా రాసి తేదీ వేస్తాను. లేకపోతే కాసేపు దిగులు పడి దిగిపోతాను.

పడక మీద మాత్రం ఈ కుర్చీ వేయకండి. పడుకునే ముందు గంట కూడా పనికిరాదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందా, చీకట్లోనే రెండు మాటలు గీకి మళ్లీ పడుకోండి. ఆ వేళప్పుడు ఏ నిర్ణయమూ చేయొద్దు, ముఖ్యంగా ఎవరికీ మెసేజ్ పెట్టొద్దు.

మొదటి పని ఎంత చిన్నదైతే అంత మంచిది

అసలు కష్టం ఇక్కడుంది కాబట్టి కొంచెం సాగదీస్తాను.

‘బరువు తగ్గాలి’ పని కాదు. ‘ఇంగ్లిష్ నేర్చుకోవాలి’ పని కాదు. అవి కోరికలు. పని అంటే, పక్కన ఎవరైనా మిమ్మల్ని వీడియో తీస్తే అందులో కనపడాలి. బూట్లు తీసి గుమ్మం దగ్గర పెట్టడం కనపడుతుంది. అప్పు అడగాల్సిన బావగారి నంబరు నొక్కడం కనపడుతుంది. ‘ప్లాన్ చేసుకోవడం’ కనపడదు. ఐదు నిమిషాల్లో అయిపోయే పని, ఇంకెవరి అనుమతీ అక్కర్లేని పని, ఇంట్లో ఉన్న వస్తువులతో అయ్యే పని వెతకండి. దొరకలేదంటే మీరు అనుకున్నది ఇంకా పెద్దదన్నమాట, ఇంకోసారి విరవండి.

మా పక్కింటావిడ పచ్చళ్ల వ్యాపారం గురించి రెండేళ్లు ఆలోచించారు. పేరేం పెట్టాలి, లేబుల్ ఏ రంగు, గాజు సీసానా ప్లాస్టిక్ డబ్బానా, కొరియర్‌లో ఏ కంపెనీ. ఆవిడ చేతి ఆవకాయ అమోఘం, అది మాత్రం ఎప్పుడూ చర్చకి రాలేదు. ఒక వేసవిలో అవన్నీ పక్కన పెట్టమని, ఐదు కిలోల కాయలు మాత్రం తెప్పించి పచ్చడి పెట్టించాం. డబ్బు తీసుకోకుండా పావుకిలో చొప్పున తెలిసిన ఇళ్లకి పంపి, రుచి చూసి నిజం చెప్పమన్నారు. వారంలో తెలిసినవి: హైదరాబాద్ పంపిన డబ్బాలో నూనె మూత చుట్టూ కారింది, ఉప్పు తగ్గించమని ముగ్గురు అన్నారు, గోంగూర ఉందా అని అందరూ అడిగారు. ఈ మూడింట్లో ఒక్కటి కూడా రెండేళ్ల ఆలోచనలో రాలేదు. ఏట్లో దిగితే గానీ లోతు తెలియదని ఊరికే అనలేదు పెద్దలు. ఆ తర్వాతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టారు. అమ్మకం మొదలుపెట్టే ముందు అది తప్పనిసరి. పేరు? ఆవిడ పేరే పెట్టేశారు.

పోటీ పరీక్షలకి చదివే పిల్లలకీ ఇదే చెబుతాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర నిలబడితే వినపడేది సగం ఇదే: తెలుగు అకాడమీ పుస్తకాలు చాలా, ఫలానా మెటీరియల్ కూడా కొనాలా, నోటిఫికేషన్ వస్తుందా రాదా. నోటిఫికేషన్ మీ చేతిలో లేదు, అది ఆరున్నర కుర్చీకి పంపాల్సింది. మీ చేతిలో ఉన్నది పుస్తకం తెరిచి ఒక అధ్యాయం చదివి, మూసి, గుర్తున్నది పది వాక్యాల్లో రాయడం. ఆ పుస్తకం మీకు సరిపోతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

పని చిన్నదయ్యాక దానికి ఒక మేకు కొట్టండి. ‘రేపు చేస్తాను’ అని కాదు, ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఒక ప్రయోగంలో విద్యార్థులకి సెలవుల్లో చేయమని ఒక పని పెట్టాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిచిందో 48 గంటల్లోపు రాసి పంపాలి. మనవాళ్లకి సంక్రాంతి నాడు హోంవర్క్ ఇచ్చినట్టే అనుకోండి. ఎక్కడ, ఎప్పుడు కూర్చుని రాస్తారో ముందే రాసిచ్చిన విద్యార్థుల్లో నాలుగింట మూడొంతుల దాకా పూర్తి చేశారు. అలా రాయనివాళ్లలో మూడింట ఒకవంతే. అందరికీ ఉద్దేశం ఉన్నదే, తేడా మేకు దగ్గర. మనకి పొద్దుట నుంచి రాత్రి దాకా తప్పకుండా జరిగేవి బోలెడున్నాయి: పాలవాడు రావడం, కుక్కర్ మూడో విజిల్, పిల్లలు స్కూల్ బస్సెక్కడం, టీ గ్లాసు కింద పెట్టడం. “బాబు బస్సెక్కగానే ఇంట్లోకి రాకుండా అటు నుంచి అటే పార్కుకి వెళ్తాను” అన్నది నా మేకు. ఇంట్లోకి వచ్చానా, ఇక అంతే.

మూడ్ రానీ అని ఆగకండి. 1970లలో పీటర్ లెవిన్సన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు కుంగుబాటు చికిత్సలో ఈ వరసనే తిరగేశారు. బాగుంటే పని చేస్తాను అని కాకుండా, చిన్న పని చేస్తే ఆ తర్వాత మనసు కుదుటపడుతుందని. చన్నీళ్ల స్నానం లాంటిది, మొదటి చెంబే కష్టం.

నలుగురూ ఏమనుకుంటారో

నలుగురిలో ఎవరెవరు? పేర్లు రాయండి. నేను రాస్తే ఇద్దరే తేలారు, అందులో ఒకరు మా పిన్ని.

2000లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం విద్యార్థులకి బారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి అందరూ ఉన్న గదిలోకి పంపింది. ఆ వయసు పిల్లలకి అది తల కొట్టేసినట్టుండే చొక్కా. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మని గుర్తుపట్టి ఉంటారని వాళ్లనుకున్నారు. నిజంగా గుర్తుపట్టింది నాలుగోవంతు దరిదాపుల్లో. ఎవరి చొక్కా గొడవ వాళ్లది.

సలహాల సంగతి వేరు. సలహా అడగాలి, కానీ ఇద్దరినే. ఆ పని ఇప్పటికే చేసినవాళ్లు ఒకరు, దాని ఫలితం మీతో పాటు మోయాల్సినవాళ్లు ఒకరు. ఫ్యామిలీ గ్రూపులో అడిగారంటే పద్నాలుగు అభిప్రాయాలు, రెండు అలకలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు వస్తాయి. మూడో మనిషిని అడగాలనిపించినప్పుడు, కొత్త సమాచారం కోసమా, నేను అనుకున్నదానికి తాళం వేయించుకోవడానికా అని చూసుకోండి. రెండోదే అయితే అది కూడా ఒక ఉత్త గీత.

జరిగిపోయినవి

వీటి గురించి నాకు తెలిసింది తక్కువ. సరిదిద్దగలిగింది ఏదైనా ఉంటే, అంటే ఒక క్షమాపణో, ఇవ్వాల్సిన డబ్బో, అది ‘ని’ పేజీలోకి మార్చి తేదీ వేయండి. క్షమాపణ అయితే “కానీ నువ్వు కూడా” అనే మాట లేకుండా. లేకపోతే ఒకసారి జరిగింది జరిగినట్టు మొత్తం రాసి, ఈసారి ఇలాంటిదే వస్తే ఏం చేస్తానో చివర ఒక వాక్యం రాసి, పేజీ మడిచేయండి. మళ్లీ గుర్తొస్తుంది. వచ్చినప్పుడు మడిచిన పేజీ ఉందని గుర్తుంటే కొంత మేలు, అంతే చెప్పగలను.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, ఆఫీసు పనీ ఇంటి పనీ ఆగిపోతుంటే, తాళం వేశానో లేదోనని పదిసార్లు వెనక్కి వెళ్లి చూడకుండా ఉండలేకపోతే అది నోటుపుస్తకంతో తీరేది కాదు, డాక్టర్ని కలవాల్సిందే. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు కదా, ఒక పూట కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. షుగర్ పరీక్షకి నేను చేసినట్టు దీనికి చేయకండి.

తేల్చాక మళ్లీ తవ్వకండి

నిర్ణయం అయిపోయాక కూడా చిలుకుడు ఆగదు, ‘తప్పు చేశానా’ అని రూపం మార్చుకుని వస్తుంది. దీనికి నేను చేసేది ఒకటే. తేల్చిన రోజునే ఆ పేజీ కింద మూడు విషయాలు రాస్తాను: ఏం తేల్చాను, ఆ రోజుకి నాకు తెలిసిన కారణాలు ఏమిటి, మళ్లీ ఏ తేదీన చూసుకుంటాను. ఆ తేదీ దాకా పేజీ తెరవను. మధ్యలో నిజంగా కొత్త సంగతి ఏదైనా తెలిస్తే తప్ప. ఆ తేదీ వచ్చాక చదివితే కారణాలు సరైనవే, ఫలితమే తేడా వచ్చిందని ఒక్కోసారి తెలుస్తుంది. పెళ్లికి వాన పడితే ముహూర్తం పెట్టినాయన్ని తిట్టం కదా. కొంతమంది తిడతారనుకోండి.

నడక గురించి తేల్చిన పేజీ నా పుస్తకంలో ఇంకా ఉంది. రోజూ నలభై నిమిషాలు, రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. పరీక్షే మూడు నెలల సగటు చూస్తుంది కాబట్టి అంతకు ముందే చేయించుకుని కంగారు పడటంలో అర్థం లేదని డాక్టర్ గారన్నారు. అప్పుడు 5.8 వచ్చింది. తర్వాతి ఏడాది పుల్కాలు నిలవలేదు, 6.0 అయింది. నడక నిలిచింది. ఈసారి పరీక్ష వచ్చే నెల తొమ్మిదో తేదీ, బాబు బస్సెక్కగానే. కాఫీ తాగే వెళ్తాను.